నాలుగో గీత

ఆ పాతరలోకి దిగే ముందు లాంతరు దింపాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పని అది. తాడుకు లాంతరు కట్టి నెమ్మదిగా వదిలి, అది అడుగు తాకాక నూరు లెక్కపెట్టాలి. వెలుగు అలాగే ఉంటే దిగవచ్చు. వెలుగు కుంగితే గోనెపట్టాతో లోపలి గాలిని కదిలించి, గంట ఆగి మళ్ళీ చూడాలి. లాంతరు ఆరిపోతే ఆ రోజుకు పని లేదు. జొన్నలు నిలవ చేసిన గుంటలో ఊపిరికి పనికిరాని గాలి అడుగున చేరి ఉంటుంది. అది కంటికి కనబడదు, వాసన కూడా ఉండదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కార్యాలయాలు కొన్ని గుడారాల్లో నడిచేవి. ఊళ్ళో ఖాళీ గది దొరకడం గగనం. మా పశువైద్య ప్రయోగశాలకు ఊరి పాత భాగంలో ఒక రాతి ఇల్లు ఇచ్చారు. ఒకప్పుడు జొన్నల వ్యాపారి ఇల్లు. నడుమ గదిలో నేల మీద బండ ఒకటి ఎత్తితే కింద పాతర ఉండేది. కుండ ఆకారంలో తవ్విన గుంట. పదకొండడుగుల లోతు, మూతి ఒక మనిషి పట్టేంత. జొన్నలు తీసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు గానీ పుల్లటి వాసన మాత్రం పోలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళాక కూడా నా చొక్కాలో ఆ వాసన ఉండేది.

నాకు ఇరవై రెండేళ్ళు. రసాయనశాస్త్రంలో పట్టా చేతికొచ్చి ఏడాది. తాడు పట్టుకునే బంట్రోతును వదిలేస్తే ప్రయోగశాలలో ఇద్దరమే ఉండేవాళ్ళం, నేనూ, నా పై అధికారి అయిన పశువైద్యుడూ. ఆయన గుంటూరు వైపు మనిషి. డాక్టరు గారు అనేవాణ్ణి.

గొర్రె గర్భాశయ ముఖంలో ఊరే జిగురు ద్రవంలో ఏయే మాంసకృత్తులు ఉన్నాయో చూడటం మా పని. ఎదకు వచ్చినప్పుడు ఆ ద్రవం గాజులా పలచగా ఉంటుంది. మిగతా రోజుల్లో చిక్కబడుతుంది. రోగం తగిలితే అందులోని మాంసకృత్తులు మారతాయనీ, వాటిని చూసి, నెలలు నిండకుండా పిల్లను పారేసుకునే గొర్రెను ముందే గుర్తుపట్టవచ్చనీ డాక్టరు గారి నమ్మకం. గొర్రెలే ఆస్తిగా ఉన్న సీమలో అది చిన్న విషయం కాదు.

పద్ధతి కష్టమైనది కాదు. వడపోత కాగితాన్ని రెండు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ఉప్పు ద్రావణంలో తడిపి, రెండు గాజు తొట్ల మధ్య వంతెనలా పరవాలి. పట్టీ మీద ఒకచోట ద్రవం చుక్క పెట్టి, వరుసగా కలిపిన రేడియో బ్యాటరీలతో కరెంటు పంపాలి. ఒక్కో మాంసకృత్తు ఒక్కో వేగంతో కాగితంలో పాకుతుంది. తొమ్మిది గంటల తర్వాత పట్టీ తీసి ఆరబెట్టి, నీలి రంగులో ముంచి కడిగితే, అవి పాకి ఆగిన చోట గీతలు తేలతాయి. కర్నూలు ఎండకు పైన ఈ పని సాగదు, గంటకే కాగితం ఎండిపోతుంది. పాతరలో చల్లదనం ఏ వేళైనా ఒకటే.

పొద్దున ఏడుకు దిగి తొట్లు సర్దేవాణ్ణి. మధ్యాహ్నం ఒకసారి దిగి చూసేవాణ్ణి. మూతిలోంచి పడే వెలుగు చేటంత మేరే ఉండేది. దాని అంచు దాటితే నా చేయి నాకే కనబడదు. కింద పైకి మాట్లాడితే ఆ మాట గోడ చుట్టూ తిరిగి వెనుక నుంచి చెవిలో పడేది. అందుకని అంకెలు పైకి చదవడం మానేశాను. కొన్నాళ్ళకు నా ఊపిరి కాక ఇంకో ఊపిరి వినిపిస్తోందని అనిపించింది. పరీక్ష చేశాను. ఊపిరి బిగబట్టాను, అదీ ఆగింది. వదిలాను, కొంచెం ఆలస్యంగా అదీ వదిలింది. గుండ్రటి గోడ వల్ల ఇలా జరుగుతుందని పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నాక కూడా ఆ ఆలస్యం నాకు నచ్చలేదు.

రోగం ఇదీ అని చెప్పాలంటే ముందు ఆరోగ్యం ఇదీ అని తెలియాలి. అందుకు నాకు రోగం లేని గొర్రెలు చాలా కావాలి. రోజూ పొద్దున్నే కబేళాకు వెళ్ళేవాణ్ణి. అక్కడికి వచ్చే గొర్రెలను డాక్టరు గారు ముందే పరీక్షించి, ఏ జబ్బూ లేదని ముద్ర వేసేవారు. కాబట్టి అవి ఆరోగ్యంగా ఉన్నవే.

మాది మాంసం ముట్టని ఇల్లు. లోపలికి వెళ్ళలేక గోడకున్న చిన్న కిటికీ దగ్గర, ముక్కుకు రుమాలు కట్టుకుని నిలబడేవాణ్ణి. లోపలి నుంచి కసాయి పెద్దాయన నాకు కావలసిన ముక్క, అంటే గర్భాశయపు మెడ భాగం, అదొక్కటే కోసి రేకు డబ్బాలో వేసి అందించేవాడు. నాకు మోచేతి దాకా ఆయన చేయి కనబడేది. తెల్లటి వెంట్రుకలు, ఒక వెండి ఉంగరం.

"లోపలికి రా సాబ్," అనేవాడు. "సచ్చిన గొర్రె కరవదు."

"ఇక్కడే బాగుందిలే పెద్దాయనా."

"ఐదు నెలల్నుంచీ వస్తాండావు. నీ కండ్లు తప్ప మొగం సూడలేదు నేను. రేపు బజార్లో కనపడితే యాడ గుర్తుపట్టేది?"

నా పుస్తకంలో పన్నెండు గళ్ళు ఉండేవి. తేదీ, గంట, పళ్ళను బట్టి వయసు, ఒంటి రంగు, కొమ్ములు, బరువు, ఏ సంత నుంచి వచ్చింది, ద్రవం చిక్కదనం, ఇలాగ. కిటికీలోంచి ఒక్కొక్కటే అడిగేవాణ్ణి. ఆయన ఓపికగా చెప్పేవాడు. అడిగింది చెప్పేవాడు. అంతవరకే.

ఐదు నెలల్లో అరవై గొర్రెలు పూర్తయ్యాయి. అరవై పట్టీల్లోనూ మూడే గీతలు. అవే చోట్ల, అంతే మందంతో. పదింటిని ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టుకుంటే ఒకే పట్టీలా కనబడేవి. బతికిన జీవాలు ఇంత ఒకేలా ఉంటాయా అని ఒకసారి తోచింది. కానీ నా పద్ధతి అంత శుభ్రంగా ఉందన్న సంతోషంలో ఆ మాట మరుగున పడింది. ఆ ఐదు నెలల్లో పొట్టేళ్ళు దాటే తొలకరి కాలం కూడా ఉంది. కాబట్టి అరవైలో సగమైనా చూలు గొర్రెలై ఉంటాయనీ, చూలు నిలిచినందువల్ల గీతలేమీ మారవనీ తేల్చుకున్నాను. ఎవరినీ అడగలేదు. అది లెక్క ప్రకారం రావలసిన సంగతి, అడగాల్సిన సంగతిగా నాకు కనిపించలేదు.

పట్టీలను నడుమ గదిలో తీగకు వేలాడదీసేవాణ్ణి. ఆకు కదలని మధ్యాహ్నాల్లో కూడా అవి ఒక్కోసారి అన్నీ కలిసి ఒక పక్కకు తిరిగేవి, కాసేపటికి మళ్ళీ ఇవతలికి. బండ తీసి ఉన్నప్పుడు పాతర గాలి పీల్చి వదులుతుందని బంట్రోతు అనేవాడు. పగటి వేడికీ లోపలి చల్లదనానికీ తేడా వల్ల అని నేను అనేవాణ్ణి. ఇద్దరమూ బల్లను మాత్రం మూతికి దూరంగా జరుపుకున్నాం.

భాద్రపదంలో మైదుకూరు వైపు నుంచి ఒక అర్జీ వచ్చింది. అక్కడి పల్లెలో ఒక కాపరికి నలభై ఆరు గొర్రెలు ఉన్నాయి. కిందటేడు వాటిలో మూడు ఈసుకుపోయాయి, అంటే పిల్లల్ని ముందే పారేసుకున్నాయి. అది అంటురోగమేమోనని అదే బీడులో జీవాలు మేపుకునే రైతులకు భయం. వచ్చి చూడమని రాశారు. డాక్టరు గారు నా అరవై పట్టీల వైపు చూసి, "ఇప్పుడు వీటితో పని పడింది," అన్నారు.

బస్సులో వెళ్ళాం. మంద ఒక రైతు చేనులో కట్టి ఉంది. ఎరువు కోసం రైతులు కాపరిని పిలిచి చేలో మంద కట్టించుకుంటారు, బదులుగా గింజలు ఇస్తారు. చుట్టూ ముళ్ళకంప, మధ్యలో గొర్రెలు. కాపరికి అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. భుజాన గొంగడి. పిల్లలు లేరు. ఆయనా భార్యా, ఆ నలభై ఆరు జీవాలూ, అంతే ఆ కుటుంబం.

నేను గాజు గొట్టానికి రబ్బరు బుడ్డి తగిలిస్తుంటే ఆయన దగ్గరికొచ్చి చూశాడు.

"ఏందప్పా ఇది? యాడ పెడతావు?"

చెప్పాను. ఆయన భార్య దూరం నుంచే అంది, "సూలు జీవాల్ని కదిలియొద్దని చెప్పు ఆ సారుకు."

"పొట్టేలు దాటి నెలన్నరాయె. కట్టినాయి, సూలు నిలిచింది," అన్నాడాయన. "కిందటేడు ఆ మూడూ ఈసుకపోయినాయంటే కుక్కలు తరిమినాయి కాబట్టి. ఇంగేం ల్యా. ఒగ మాట అడుగుతా. నీ గొట్టంలో తేడా వస్తే ఏం జేస్తారు?"

డాక్టరు గారు జవాబిచ్చారు. "రోగం ఉన్నవాటిని తీసేయాలి పెద్దాయనా. లేకపోతే ఊరందరి జీవాలూ పోతాయి."

"తీసేసేదంటే?"

"కబేళాకు."

కాపరి మందలోకి నడిచాడు. ఒక్కో గొర్రెనూ తనే పట్టుకుని, దాని మొహం తన కడుపుకు ఆనించుకుని నిలబెట్టాడు. నేను ద్రవం తీసి, చెవికి అంకె కొట్టిన రేకు బిళ్ళ తగిలించాను. నలభై ఆరూ అయ్యేసరికి పొద్దు వాలింది. ఏదీ అరవలేదు. పట్టుకున్న మనిషి వణికితే జీవమూ వణుకుతుందని, ఆయన అంతసేపూ చేతులు బిగించి ఉంచాడని తర్వాత ఆయన భార్య చెప్పింది.

కర్నూలులో పట్టీలు రంగులోంచి తీసి వెలుతురుకు పట్టుకున్నాను. మూడు గీతలకు తోడు నాలుగో గీత. చుక్క పెట్టిన చోటుకు కొంచెం ఇవతల, వెడల్పుగా, ఊదా కలిసిన నీలంతో. తొట్టి నీళ్ళలో పట్టీ ఊగుతుంటే ఆ గీత మిగతా మూడింటి కంటే వెనకబడి ఊగుతున్నట్టు కనబడేది. నలభై రెండింటిలో అది ఉంది. నాలుగింటిలో లేదు. తొమ్మిది, పదిహేడు, ముప్పై, నలభై ఒకటి. ఆ నాలుగు పట్టీలు నా అరవై పట్టీల పక్కన పెడితే అచ్చు వాటి తోబుట్టువులే.

నివేదిక రాశాను. రోగం ఉన్నవి నలభై రెండు, ఆరోగ్యంగా ఉన్నవి నాలుగు. డాక్టరు గారు సంతకం చేసి పైకి పంపారు. ఉత్తర్వు వచ్చింది. నలభై రెండింటినీ నెలలోగా కర్నూలు కబేళాలో, మా కళ్ళ ఎదుట కోయించాలి. గర్భాశయాలు మొత్తంగా తీసి పరీక్షకు ఉంచాలి. ఏ నాలుగు మినహాయింపో ఉత్తర్వులో అంకెల్లో ఉంది. కానీ అది ఇంగ్లీషులో ఉంది. దాన్ని కాపరికి చదివి చెప్పిన కరణం, నాలుగు మిగులుతాయని మాత్రం చెప్పి, అవి ఏవో తేల్చలేక మందనంతా తోలుకుని కర్నూలుకు పొమ్మన్నాడు.

ఆయన అలాగే వచ్చాడు. చాగలమర్రి, ఆళ్ళగడ్డ, నంద్యాల, పాణ్యం, ఓర్వకల్లు మీదుగా ఎనిమిది రోజుల నడక. ఆశ్వయుజంలో ఒక ఉదయం నేను కబేళాకు వెళ్ళేసరికి గోడ పక్కన మంద నిలబడి ఉంది. గొర్రెల మోకాళ్ళ దాకా నంద్యాల నల్లమన్ను ఎండి అంటుకుంది. నలభై ఆరు గొర్రెలున్న చోట ఒక్క అరుపు లేదు. ముందు వేసిన గడ్డిని ఒక్కటీ ముట్టలేదు. అన్నీ తలలు ఒకే వైపు, గోడ వైపు, పెట్టి ఉన్నాయి.

ఆ రోజు నేను లోపలికి వెళ్ళక తప్పదు, గర్భాశయాలు మొత్తంగా తీసుకోవాలి కాబట్టి. తలుపు దగ్గర కసాయి పెద్దాయన ఎదురొచ్చాడు. మొదటిసారి ఆయన మొహం చూశాను. మెత్తటి మొహం, ఒక కంటిలో పొర.

"ఇదా సాబ్ నీ మొగం," అన్నాడు. "కిటికీలో ఉన్నప్పుడే నయముండె."

కాపరి మంద పక్కన నుంచి లేచి వచ్చాడు. నా వైపు తిరిగి, "నాలుగు మిగుల్తాయంట గదా. యా నాలుగు నావి? చెప్పు సారూ, అవి పట్టుకోని మేం బయటికి పోతాం. కోసేటప్పుడు మా యమ్మి ఈడ ఉండలేదు," అన్నాడు. ఆయన భార్య అప్పటికే కొంగు తల మీద కప్పుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

నేను పుస్తకం తెరిచి పేజీ వెతుకుతున్నాను. ఈలోగా కసాయి పెద్దాయన మందలోకి నడిచాడు. ఒక గొర్రె పక్కన మోకాలి మీద కూర్చుని, పొదుగుకు ముందు పొట్ట కింద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. దాన్ని కుడి వైపుకు తోశాడు. తర్వాతది. కుడి వైపుకు. ఏదో వింటున్నట్టు తల వంచి, ఒక్కోదాని దగ్గర కొద్దిసేపు. తొమ్మిదో పదో అయ్యాక ఒకటి ఎడమకు పోయింది. నేను పుస్తకం పట్టుకుని నిలబడే ఉన్నాను. నలభై ఆరూ అయ్యేసరికి ఎడమ పక్కన నాలుగు ఉన్నాయి.

దగ్గరికి వెళ్ళి చెవి బిళ్ళలు చూశాను. ముప్పై. తొమ్మిది. నలభై ఒకటి. పదిహేడు.

నా పుస్తకాన్ని ఆయన చూడలేదు. చదవడమే రాదు ఆయనకు.

"ఈ నాలుగు ఇస్తే కోస్తా సాబ్," అన్నాడు. "తక్కినవి కొయ్యను. ఎవుర్తో చెప్పుకుంటావో చెప్పుకో."

"ఎందుకు?"

"కడుపుతో ఉండాయి. సూలు జీవాన్ని నేను కొయ్యలేదు, మా అబ్బా కొయ్యలేదు."

నా గొంతు నాకే పాతరలోంచి వచ్చినట్టు వినిపించింది. "నాకు ఇచ్చిన అరవైలో చూలువి ఎన్ని?"

"ఒగటీ లేదు. అన్నీ గొడ్డువే. గొడ్డుబోయినాంకనే గదా ఈడికొచ్చేది. ఈనే గొర్రెను ఎవుడు అమ్ముతాడు సాబ్?" కాపరి వైపు తిరిగాడు. "ఏమప్పా, నువ్వు ఎప్పుడన్నా అమ్మినావా?"

"నాకేమన్నా తిక్కనా?" అన్నాడు కాపరి.

"నాకెందుకు చెప్పలేదు పెద్దాయనా?"

"నువ్వు అడిగినావా? పండ్లడిగినావు, కొమ్ములడిగినావు, యా సంతలో కొన్యారని అడిగినావు. కడుపు సంగతి సారుకు అక్కర్లేదేమో అనుకున్యా."

కాపరి ఎడమ పక్కనున్న నాలుగింటినీ చూశాడు. "ఇవేనా మీ పుస్తకంలో మంచివి?" అని అడిగాడు. నేను తలూపాను. ఆయన ఒకదాని చెవి బిళ్ళ పట్టుకుని, "మూడేండ్లుగా ఇవి ఈనలేదు సారూ. దసరా అయినాంక ఈ నాలుగింటినే అమ్ముదామనుకున్యా," అన్నాడు.

నేను ఆరోగ్యమని రాసుకున్నది గొడ్డుతనం. రోగమని రాసినది కడుపులో నిలిచిన పిల్ల. అయిదు నెలలు తీగ మీద ఒకేలా వేలాడిన అరవై పట్టీలూ ఖాళీ కడుపులవి. ఆ తీగ కింద కూర్చుని నేను భోజనం చేసేవాణ్ణి.

డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తి చెప్పాను. ఆయన కోపగించలేదు.  "నివేదిక పైకి పోయింది. ఊరికే తప్పు అంటే ఒప్పుకోరు. పది రోజులు ఆపుతాను. రోగక్రిమి లేదని పెద్ద ప్రయోగశాల రాసిస్తే ఉత్తర్వు పోతుంది. ఈ లోపల ఒక్కటి ఈసుకుపోయినా నేను చేయగలిగింది ఉండదు," అన్నారు.

మందను హంద్రీ ఏటి ఇసుకలో, ఊరికి ఎడంగా నిలిపారు. నేను ఉదయం, మధ్యాహ్నం అక్కడికి వెళ్ళేవాణ్ణి. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఒక గొర్రె మంద నుంచి విడిగా వెళ్ళి నిలబడింది. తల వంచి ఇసుకను నాకుతోంది. దగ్గరికి వెళ్ళాను. అరచేయంత ఉంది అది. గాజులా ఉన్న పొరలో అన్నీ ఏర్పడి ఉన్నాయి, గిట్టలు కూడా. కాపరి భార్య వచ్చి ఇసుక తోసి కప్పింది. గొర్రె మళ్ళీ కాలితో ఇసుక తీసింది. ఆమె మళ్ళీ కప్పింది. అలా ఎన్నిసార్లో. 

మూడో రోజుకు ఐదు.

డాక్టరు గారు వచ్చి చూశారు. నన్ను పక్కకు పిలిచారు. "నీ గీత అబద్ధమాడలేదోయ్. పారేసుకుంటాయన్నావు, పారేసుకుంటున్నాయి."

"ఎనిమిది రోజులు నడిపించాం సార్. అందుకు."

"కాపరి గొర్రెలు నడవకుండా ఉంటాయా? పైవాళ్ళు చూసేది ఒక్కటే. ఫలానా గొర్రెలు పారేసుకుంటాయని నువ్వు ముందుగా రాశావు. అదే జరిగింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి అంటారు."

జవాబు కోసం నేను పాతరలోకి దిగాను. పిల్లను పారేసుకున్న ఐదింటి నుంచీ ద్రవం తీసుకొచ్చాను. మర్నాడు పొద్దున పట్టీలు పెట్టి, సాయంత్రం రంగులోంచి తీస్తే నాలుగో గీత లేదు. ఐదింటిలోనూ మూడే గీతలు, అరవై పట్టీల్లో ఉన్నట్టే. నా పాత కొలత ప్రకారం ఆ ఐదూ ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాయి. ఇసుకలో ఒక్కో పిల్ల పడుతున్నకొద్దీ ఇక్కడ ఒక్కో పట్టీ శుభ్రమవుతోంది. ఆ మధ్యాహ్నం దిగేటప్పుడు లాంతరు దింపడం మరిచిపోయానని పైకి వచ్చాక గుర్తొచ్చింది.

పట్టీలు చూపిస్తే డాక్టరు గారు, "రోగం పిల్లతో పాటు బయటికి పోయిందంటారు," అన్నారు. అయినా ఆయన నాకు అడ్డు రాలేదు. ఇసుకలో కప్పిన పిల్లల్లో రెండింటిని తీసి, మంచు నింపిన పెట్టెలో రైల్లో పెద్ద ప్రయోగశాలకు పంపడానికి ఆయనే స్టేషనుకు వచ్చారు.

పదో రోజుకు కూడా జవాబు రాలేదు. డాక్టరు గారు ఇంకో పది రోజులు ఆపుతానని తన పేరు మీద రాసి పంపారు, అడిగేవాళ్ళు అడుగుతారని తెలిసే. ఆ కాగితం చూపించి కాపరితో చెప్పాను, ఇంటికి వెళ్ళవచ్చని. లారీ కుదురుస్తానన్నాను.

"లారీలో కుదిపితే ఉండేవీ పోతాయి," అన్నాడు. "మెల్లగా నడిపిస్తా. మీ కాయితం నన్ను ఊరికే తిప్పకుంటే సాలు."

జవాబు కార్తీకంలో వచ్చింది. ఏ రోగక్రిమీ లేదు. ఉత్తర్వు రద్దయింది. రద్దు చేసిన కాగితంలో కారణం ఇలా ఉంది. మందలో అంటురోగం ఉండి, తనంతట తానే తగ్గినట్టు కనబడుతున్నది. పరీక్షా పద్ధతి సరైనదే. దీనిని ఇతర మందలకు కూడా వాడవచ్చు.

పుష్యమాసంలో గొర్రెలు ఈనే రోజుల్లో ఆ కాగితం తీసుకుని మైదుకూరు వెళ్ళాను. మంద ఇంకో చేనులో ఉంది. కంప బయట నిలబడ్డాను. కాపరి భార్య నన్ను చూసి, లోపల ఉన్న గొర్రెపిల్లల మీద గంప బోర్లించింది. నన్ను లోపలికి రమ్మని అనలేదు. నేనూ అడగలేదు.

కాపరి బయటికి వచ్చాడు. కాగితం తెలుగులో చదివి చెప్పాను.

"అంటే ఇంగ తోలుకోని పొయ్యేది లేదు గదా?"

"లేదు."

ఆయన కళ్ళు మూసి తెరిచాడు. "ఎన్ని ఈనినాయని అడగవా? ఇప్పుడన్నా అడుగు."

అడిగాను.

"పదిహేడు. ఇరవై అయిదు పోయినాయి." తర్వాత, "తనంతట తానే తగ్గిందని రాసినారా?" అన్నాడు.

"అవును."

"యామి తగ్గింది? రోగం ఉంటే గదా తగ్గేకి. ఆ పద్ధతి మంచిదని రాసినారంటే రేపు ఇంగో మంద కాడికి పోతారు. వాడూ నాలెక్కన ఎనిమిది దినాలు నడుస్తాడు." గట్టు మీద కూర్చున్నాడు. "నువ్వు రాయి. నేను చెప్తా."

రాశాను. బిళ్ళ అంకె ఆయన చదవలేడు గానీ ఏ గొర్రె ఎక్కడ పారేసుకుందో ఒక్కటీ మరిచిపోలేదు. చెవి చీలినది హంద్రీ ఇసుకలో. ఎర్రమూతిది ఓర్వకల్లు రాళ్ళ దగ్గర. పాణ్యం రైలు గేటు పడితే నిలబడినప్పుడు రెండు, పక్కపక్కనే. నంద్యాల చెరువుకట్ట మీద ఒకటి. ఆళ్ళగడ్డ దాటాక, వానలో, నాలుగు. ఇంటి దగ్గర బీడు కనబడుతున్న చోట ఒకటి. ఆయన చెబుతుంటే లోపలి నుంచి ఆయన భార్య ఒకటి రెండు చోట్ల దిద్దింది. ఇరవై ఐదూ అయ్యాయి. కింద నేను రాశాను. ఇందుకు కారణం రోగం కాదు, చూలు గొర్రెలను రోగం ఉన్నవిగా నేను రాసిన నివేదిక, దాని మీద ఎనిమిది రోజులు నడిపించడం. ఈ పద్ధతిని ఏ మంద మీదా వాడకూడదు.

"నీ పేరు పెట్టినావా?"

పెట్టాను. ఆ ఉద్యోగం నాకు ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆయన బొటనవేలికి సిరా రాసుకుని నా పేరు పక్కనే ముద్ర వేశాడు.

బస్సు కోసం రోడ్డు వైపు నడుస్తుంటే కంప సందులోంచి ఆ చెవి చీలిన గొర్రె బయటికి వచ్చింది. నా చేతిని వాసన చూసింది, తన పిల్లను తల్లి వాసన చూసినట్టు, వేళ్ళ మొదలు నుంచి మణికట్టు దాకా. తర్వాత మెల్లగా, గొంతు లోపలే, అరిచింది. నేను నడిస్తే వెంట నడిచింది. ఆగితే ఆగింది. కాపరి గట్టు మీద నుంచి నాలుకతో చప్పుడు చేసి పిలిచాడు. ఆ చప్పుడుకు మందలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. నా పక్కనున్నది తిరగలేదు. బస్సు వచ్చి నేను ఎక్కేదాకా ఆయన పిలుస్తూనే ఉన్నాడు.